మణి కడుపులో పొంగిన పిండి

2004, ఆడి నెల, అంటే మన ఆషాఢ శ్రావణాల వేళ. ఏ ఊరో చెప్పను, తమిళనాడులో బొమ్మిడికీ పాపిరెడ్డిపట్టికీ మధ్య అనుకోండి, చాలు. అక్కడి పశువుల డిస్పెన్సరీలో నేను లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టర్‌ని. అంటే డాక్టరును కాదు. సూదులు వేసేవాణ్ణి, కట్లు కట్టేవాణ్ణి, డాక్టరు చెప్పిన మందు తాగించేవాణ్ణి. అయితే మా ఊళ్లో చాలా ఏళ్లు డాక్టరే లేడు. ఇన్‌చార్జి డాక్టరు వారానికోసారి వచ్చి సంతకాలు పెట్టి పోయేవాడు. మిగతా రోజులన్నీ నావే. మన తెలుగు రైతులు ఆవును తోలుకొచ్చి "డాక్టరయ్యా" అని పిలిస్తే నేను కాదనేవాణ్ణి కాదు. ఎందుకనాలి?

ఆ ఏడాది మొదట్లో కొత్త డాక్టరు వచ్చింది. ఇరవయ్యారేళ్ల పిల్ల, స్కూటీ మీద దిగింది. తమిళమ్మాయి అయితే మనవాళ్లు ఇంటి భాషలో గోడు చెప్పుకోవడానికైనా నా దగ్గరికి వస్తారనుకున్నాను. హోసూరు వైపు మనిషట, ఇంట్లో తెలుగేనట. ఆ ఆశా పోయింది. వారం తిరక్కుండానే డాక్టరయ్య కాస్తా కాంపౌండరయ్యాడు. ఎవరింట్లో అర్ధరాత్రి దూడను లాగి బతికించానో ఆ ఇంటివాళ్లే నన్ను దాటుకుపోయి "అమ్మ ఉందా లోపల?" అని అడుగుతుంటే ఒళ్లు మండిపోయేది. ఆమె చేయి మంచిదట. మరి పద్దెనిమిదేళ్లు ఈ చేయి ఏం చేసినట్టు?

సిగ్గు విడిచి రాస్తున్నాను. ఆమె మందుతో ఒక బర్రె తేరుకుందని వింటే నాకు అన్నం సహించేది కాదు.

ఆ రోజు ఆమె పక్క పల్లెలో గాలికుంటు టీకాల క్యాంపుకు పోయింది. మధ్యాహ్నం పన్నెండు గంటలకు సరోజక్క తోపుడు బండి తోసుకుంటూ వచ్చింది. రైల్వే స్టేషను టీకొట్లకు బన్నులు చేసి ఇచ్చే మనిషి ఆమె. బండిలో మణి, ఆమె నాటుకుక్క. భర్త పోయినప్పటి నుంచి తెల్లవారకముందే బన్నుల డబ్బా నెత్తిన పెట్టుకుని ఒంటరిగా స్టేషనుకు నడుస్తుంది. దారిలో సారాయి కొట్టు దాటాలి. తోడు మణి ఒక్కడే.

"వీడు లేకుంటే నేను పొయ్యి ఆర్పేసి కూలికి పోవాల్సిందే అన్నా," అని ఏడ్చింది.

మణి కడుపు డోలులా బిగిసి ఉంది. కక్కబోతాడు, ఏమీ రాదు. నిలబెడితే కాళ్లు తడబడి పక్కకు ఒరిగిపోతున్నాడు. "ఎవరు తాగించినారురా వీనికి కల్లు?" అన్నాను. వెంట వచ్చిన జనం పగలబడి నవ్వారు.

గోడ మీద డాక్టరమ్మ సెల్ నంబరు అతికించి ఉంది. చూశాను. కుక్క కడుపు ఉబ్బితే కూడా ఆమెనే అడగాలా? ఆమె వచ్చేలోపు వీణ్ణి లేపి నిలబెడితే సాయంత్రానికల్లా ఊరంతా తెలుస్తుంది అనుకున్నాను. అందుకే జనాన్ని పొమ్మనలేదు. పైగా బయట ఉన్నవాళ్లకూ కనబడాలని కిటికీ తలుపులు బార్లా తీశాను.

ఆవు పచ్చిమేత ఎక్కువ తిని ఉబ్బితే దాన్ని టింపని అంటాం, అంటే కడుపులో గాలి నిలిచిపోవడం. మా వైపు దానికి నూనెలో ఆప్పసోడా కలిపి తాగిస్తాం. ఆప్పసోడా అంటే వంటసోడానే. ఆ మందుతో నేను లేపిన ఆవులు ఎన్నో. కుక్కకైనా కడుపు కడుపే కదా, కాస్త తగ్గిస్తే సరిపోతుందనుకుని రెండు చెంచాలు కలిపాను. సరోజక్క "అన్నా..." అని ఏదో చెప్పబోయి, చుట్టూ ఉన్న జనాన్ని చూసి నోరు మూసుకుంది. ఏమని నేనూ అడగలేదు. మణి నోరు తెరిచి పోసేశాను.

కాసేపటికి కడుపు తగ్గకపోగా ఇంకా పైకి లేచింది. చిగుళ్లు పాలిపోయాయి. కళ్లు తేలేశాడు. జనం నవ్వు ఆగిపోయింది.

"ఆ అమ్మకు ఫోన్ చెయ్యన్నా," అంది సరోజక్క.

"ఎందుకు? నేను లేనా?"

"నువ్వు ఉండావన్నా. మణి ఉండాల కదా."

అప్పుడు లేచింది నా చేయి ఫోను మీదికి. అప్పటికే ముప్పావు గంట నా రోషానికి పోయింది.

డాక్టరమ్మ టీకాల ఐసు పెట్టెతో సహా స్కూటీ మీద వచ్చేసింది. మణిని ముట్టకముందే, "అందరూ బయటికి పోండి. అన్నా, కిటికీ కూడా మూసేయండి," అంది. తర్వాత సరోజక్క పక్కన నేల మీద కూర్చుంది.

"అక్కా, వీడు ఏమి తిన్నాడు?"

"ఏమీ లేదమ్మా."

"నేను ఎవురికీ చెప్పను. ఏమి తిన్నాడు?"

సరోజక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "బన్ను పిండమ్మా. ఈస్టు వేసి ఎండలో పొంగబెట్టినా. నీళ్లు పోసుకోని వచ్చేలోపల సగం గిన్నె ఖాళీ. కుక్క మూతి పెట్టిన పిండని తెలిస్తే టీకొట్టోళ్లు నా బన్ను ముడతారా? మిగిలిందంతా గుంత తవ్వి పూడ్చేసినా, సత్తెంగా. అంతమందిలో ఎట్ల చెప్పేది?"

ఆ అంతమందిని నిలబెట్టింది నేనే.

డాక్టరమ్మ నావైపు తిరిగింది. "అన్నా, మీరేమి ఇచ్చినారు?"

"నూనె," అన్నాను.

"నూనె ఒకటేనా?"

సరోజక్క నన్నే చూస్తోంది. నేను సోడా కలపడం ఆమె చూసింది, అయినా నన్ను బయటపెట్టలేదు. ఈ పిల్ల ముందు నా తప్పు ఒప్పుకోవడం కంటే మణి చచ్చిపోవడమే నయమని ఒక్క క్షణం అనిపించింది. అవును, అనిపించింది. మణి రొప్పు వినబడుతోంది.

"ఆప్పసోడా కలిపినానమ్మా. రెండు చెంచాలు." ఆమెను అమ్మా అని పిలవడం అదే మొదటిసారి.

"చెప్పినారు, మంచిదయింది," అంది. అంతే. తిట్టి ఉంటే నాకు ఎంత బాగుండేదో.

స్టమక్ ట్యూబు, అంటే నోట్లోంచి కడుపులోకి దింపే రబ్బరు గొట్టం, ఆమె దింపుతుంటే నేను మణి దవడలు పట్టుకున్నాను. గొట్టం దిగగానే బుస్సుమని గాలి వచ్చింది. గది నిండా కల్లు వాసన. పచ్చి పిండిలో ఈస్టు బతికే ఉంటుందట. కడుపు వెచ్చదనానికి పిండి లోపల ఇంకా పొంగుతుంది, గాలి పుడుతుంది, సారాయి లాంటిది కూడా పుడుతుంది. నా సోడా కడుపులో పులుపుకు తగిలి మరింత గాలి చేసింది. కల్లు తాగించారని నేను ఎగతాళిగా అన్నదే నిజమని అప్పుడు తెలిసింది. నా నోటితో నేనన్న మాటను నేనే వినలేదు.

పొంగు ఆగాలంటే చల్లటి నీళ్లతో కడుపు కడగాలి. టీకాల పెట్టెలోని ఐసు గడ్డలు బకెట్లో వేశాం. ఆ గొట్టంలోంచే పోస్తూ, తీస్తూ సాయంత్రమైంది. సెలైను ఎక్కుతుండగా మణి తల ఎత్తి సరోజక్క చీర కుచ్చెళ్లు వాసన చూశాడు. ఆమె "నా సామీ" అని వాడి మీద పడిపోయింది.

"కాలిన బన్ను ముక్క పెడితే ఏమీ కాదక్కా," అని చెప్పింది డాక్టరమ్మ. "పచ్చి పిండి వద్దు. ఎండుద్రాక్ష, కోకో పొడి కుక్కకు విషం, అసలే వద్దు. సోడా, బేకింగ్ పౌడరు డబ్బాలు అటక మీద పెట్టు. చిటికెడు నాకితే భయం లేదు, డబ్బా బోర్లిస్తేనే కష్టం."

సోడా సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. పిండి సంగతీ చెప్పలేదు. సరోజక్క తన పరువు కోసం ఒకటి దాచింది, నా పరువు కోసం నేనొకటి దాచబోయాను. ఆ రెండూ మోసింది మాత్రం నోరులేని జీవం. ఆ రోజు నుంచి పశువును ముట్టకముందు గది ఖాళీ చేయిస్తాను. ఏమి తినిందని అడుగుతాను. నేనేమి ఇచ్చానో కూడా చెబుతాను.

అసూయ పోయిందా అంటే పోలేదు. వారం తర్వాత సరోజక్క మణితో వచ్చి మా ఇద్దరికీ చెరో బన్ను ఇచ్చింది. డాక్టరమ్మ ముక్క తుంచి చాచగానే మణి తోక ఊపుతూ ఆమె చేతిలోంచి తిన్నాడు. నేనూ చాచాను. వాడు సరోజక్క వెనక్కి పోయి నక్కాడు. ముక్కను నేల మీద పెట్టి, తలుపు దాకా వెనక్కి జరిగాను. అప్పుడు వచ్చి తిన్నాడు.