చెత్త తక్కువైన ఇల్లు

రిటైరైనా నేను రోజూ గడ్డం గీసుకుంటాను. జిన్నారం దగ్గర మాత్రల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు చేశాను. మాస్కు ముఖానికి అతుక్కోవాలంటే గడ్డం ఉండకూడదు. లోపలికి పోయేముందు సూపర్‌వైజరు చెంపలు చూసి పంపేవాడు. ఇప్పుడు చూసేవాళ్లు లేరు. మా ఆవిడ పోయి మూడేళ్లు. కొల్లూరు కాలనీలో, ఆరో అంతస్తులో, నున్నటి ముఖంతో ఒక్కణ్ణే కూర్చుంటాను. ఎవరికోసమయ్యా ఈ సింగారం అని అద్దంలో నన్ను నేనే అడుగుతుంటాను.

నా తలుపు కొట్టేది ఒక్క మనిషే, చెత్త తీసుకుపోయే ఆమె. ఎనిమిదింటికి "అన్నా, చెత్త" అనేది. నేను "వస్తున్నా" అనేవాణ్ణి. చాలా రోజులు నా నోటి నుంచి వచ్చే మాట అదొక్కటే.

పోయినేడు ఒక పొద్దున ఆమె బొటనవేలికి గుడ్డ కట్టుకుని వచ్చింది.

"సంచి ఒత్తుతుంటే రేజరు కోసుకున్నదన్నా. నీలం పిడిది. నీదేనా?"

నాదే. నాలుగు రోజులకొకటి వాడి పారేసేవాణ్ణి. ఒప్పుకుంటే రేపటి నుంచి తలుపు కొట్టదేమోనని భయమేసింది. "నాది కాదమ్మా" అన్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అంటూనే చెంప తడుముకున్నాను.

ఆ రోజే పెట్టె అడుగు నుంచి మా నాన్న స్టీలు రేజరు తీశాను. ఇక్కడ ఒక ప్లాంటులో ఉద్యోగమని కోస్తా నుంచి వచ్చినప్పుడు ఆయన వెంట తెచ్చుకున్నది. జన్మంతా అదొక్కటే వాడాడు, మార్చింది బ్లేడే. నాకు మాత్రం మొదటివారం ముఖమంతా గాట్లు. పటిక రుద్దుకుంటే కళ్లలో నీళ్లు తిరిగేవి. నొక్కకుండా దాని బరువుకే వదిలేయాలని మెల్లగా తెలిసింది. పాలపొడి డబ్బా మూతకి సన్నటి చీలిక పెట్టి, అరిగిన బ్లేళ్లు అందులో వేశాను. ఇక ఆ చెయ్యి నా వల్ల తెగదనుకున్నాను.

సిగ్గు అక్కడితో ఆగలేదు. షాంపూ పాకెట్లు మానేశాను. పాలకి గిన్నె పట్టుకుపోయాను. తొక్కలు పూలకుండీలో వేశాను. సంచి నిండటానికి వారం పట్టసాగింది. కొన్ని నెలలు చూసి ఆమె అంది:

"నీ ఇంట్ల చెత్తనే ఉంటలేదన్నా. లిఫ్టు గూడ ఖరాబైంది. ఉన్ననాడు నువ్వే కిందికి తే. రోజు ఎక్కుడు నాతోని గాదు."

మంచిపనికి ఇంత శిక్ష ఉంటుందనుకోలేదు. ఎనిమిదింటికి గడ్డం గీసుకుని తలుపువైపు చూస్తూ కూర్చునేవాణ్ణి. ఒకరోజు సంచి నిండాలని బాగున్న ప్లాస్టిక్ డబ్బానే చెత్తలో వేసి, బుద్ధి తెచ్చుకుని మళ్లీ తీసుకున్నాను. ఒంటరితనం ఇంత ఉంటుందని ఆ నెలలోనే తెలిసింది.

చివరికి ఆ బ్లేళ్ల డబ్బా పట్టుకుని మెట్లు దిగాను. ఆమె బండి దగ్గర తడిచెత్త వేరుచేస్తోంది.

"అప్పుడు నీ వేలు కోసింది నా రేజరేనమ్మా. అబద్ధమాడాను."

ఆమె తలెత్తలేదు.

"ఎరుకనే అన్నా. మీ అంతస్తుల మొగోళ్లందరికీ గడ్డాలే. రోజు గీసుకునేటోనివి నువ్వొక్కనివే."

తెలిసి కూడా అన్ని నెలలు ఆరో అంతస్తుకు వచ్చి నా తలుపు కొట్టింది. మళ్లీ రోజూ కొట్టమని అడగడానికే దిగాను. అడగలేక, డబ్బా ఆమె చేతికిచ్చి పైకొచ్చాను.

మర్నాడు ఎనిమిదింటికి, గడ్డం గీసుకుని, పూలకుండీలో వేయాల్సిన అరటితొక్క ఒక్కటి పట్టుకుని నేనే కిందికి దిగాను.