అంజయ్య సార్ దిద్దిన పద్ధతి

పేపర్ల కట్ట విప్పగానే ఎండకు కాగిన కాగితం వాసన ముఖానికి కొట్టింది. నల్లగొండలో డిగ్రీ పేపర్లు దిద్దుతున్నాం. వరసగా పది ఇంగ్లీషు పేపర్లలో గైడులోని ఊటీ యాత్ర ఉత్తరమే, అక్షరం తేడా లేకుండా. ఇంతలో మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన లెక్చరర్ నవ్వుతూ, "మీ కాలేజిల ఇంగ్లీషు రాని సారొకాయన ఉండెనట గద, తీసేసిన్రట" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. ఆయన మీద కాదు. ఆ అబద్ధం పుట్టించింది నేనే.

దేవరకొండ దగ్గరి పల్లె అంజయ్య సార్‌ది. తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో మా కాలేజీలో పార్ట్‌టైం లెక్చరర్. నేను ఇంగ్లీషు శాఖాధిపతినైనా, ఆయన నాకంటే పదేళ్ళు పెద్ద. వచ్చిన వారంలోనే పిల్లల గైడ్లన్నీ నా బీరువాలో పెట్టించి, ఎవరింటి సంగతులు వాళ్ళను రాయమన్నాడు. తప్పులు కుప్పలుగా వచ్చాయి. ఆయన మాత్రం కాగితానికి ఒక్క తప్పు కిందే పెన్సిల్‌తో గీత గీసేవాడు. అది పోయాకే రెండోది. ఇదేం దిద్దడమని కోప్పడ్డాను.

"ఇరవై గీతలు గీస్తే పిల్ల పెన్ను కింద పెడ్తది సార్. ఒక్కటి గీస్తే రేపు మళ్ల రాస్తది."

ఒక అమ్మాయి, రోగమొచ్చి వారంలో తమ గొర్రెల మంద పోయిన సంగతి రాసింది. క్రియలన్నీ తలకిందులు. స్టాఫ్ రూంలో నేనది పైకి చదివి అందరినీ నవ్వించాను. ఆయన నవ్వలేదు.

"గొర్లు ఎట్ల సచ్చినయో సమజైందా సార్ మీకు?"

అయిందన్నాను.

"మరి రాసినట్టే గద."

ఆ ఏడు తనిఖీకి వచ్చినవాళ్ళు ఆ నోటుబుక్కులు చూసి, ఇన్ని తప్పులకు బాధ్యులెవరని అడిగారు. ఆయన పద్ధతి ఏమిటో నాకు తెలుసు. ఒక్క మాట చెప్తే సరిపోయేది. నా కుర్చీకి ఎసరొస్తుందని భయపడి, ఈయనకు భాష రాదు, తప్పులు పట్టలేడని రెండు వాక్యాలు రాసిచ్చాను. ఆ ఇంగ్లీషులో ఒక్క దోషం లేదు. నిజమూ లేదు.

మరుసటి ఏడాది ఆయనను తీసుకోలేదు. జడ్చర్లలో ఏదో బడిలో పాఠాలు చెప్పుకుంటూనే చనిపోయాడు. బతికుండగా ఒక్కసారీ వెళ్ళలేదు నేను. బస్సెక్కితే రెండు మూడు గంటల దారి.

పేపర్లు దిద్దడం ముగిశాక కాలేజీకి వెళ్ళి ఆ కాగితం మార్చి రాస్తానన్నాను. పాత ఫైళ్ళు ముట్టుకోరాదన్నాడు గుమాస్తా. ఆ రెండు వాక్యాలు నా సంతకంతో అట్లాగే ఉంటాయి, నేనున్నా లేకున్నా. అందుకే ఇక్కడ రాస్తున్నాను. అంజయ్య సార్‌కు ఇంగ్లీషు వచ్చు. నాకంటే బాగా వచ్చు. నాకు తెలిసే అబద్ధం రాశాను.