పూడ్చిన చెరువు మీద పచ్చిక

కొల్లేరు పక్కన మా చేపల చెరువు పూడ్చి, పెళ్లిళ్లకు అద్దెకిచ్చే పెద్ద లాన్ వేశాం. అది ఒకప్పుడు చెరువన్న మాట ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు. తెలిస్తే పెళ్లివారు రారని మా ఆయన భయం.

గడ్డి కోయడానికి ట్రాక్టరూ, దాని అడుగున బిగించే మోవర్ డెక్కూ కొందామని తాడేపల్లిగూడెం షోరూముకు వెళ్లాం.

"నేల ఎలాంటిదండీ? మెత్తనిదైతే తేలిక బండి, చిన్న డెక్ తీసుకోండి," అన్నాడు సేల్స్‌మన్.

"రాయిలాంటి నేలండి," అన్నారు మా ఆయన, పెళ్లివారికి చెప్పినట్టే.

"ఏవండీ, ఇతనిక్కూడా అదే చెబుతారా?" అని మోచేత్తో పొడిచాను. ఉరిమి చూశారు. అన్నిటికన్నా బరువైన బండి, వెడల్పాటి డెక్ కొన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు ఆ బండి లాన్ మీద ఒక్క చుట్టు తిరిగింది. చక్రాలు దిగబడిన చోటల్లా నల్లటి నీరు ఊరింది, పాత చెరువు కంపుతో. ఈమధ్య వానలే లేవు. మా ఆయన ఆ గుంటల్లో ఇసుక పోయించి, పైన కోసిన గడ్డి పరిపించారు.

సాయంత్రం పెళ్లివారు వచ్చారు.

"జనం బాగా వస్తారండి. పెద్ద స్టేజీ వేస్తే ఆగుతుందా?"

"రాయిలాంటి నేలండి," అన్నారు మా ఆయన, ఇసుక పోసిన చోట కాలు పడకుండా పక్కకు జరుగుతూ.