పట్టుపురుగుల పక్కన బాడుగ ఇల్లు

ఇంటర్నెట్‌ను వాకిట్లో నిలబెట్టి ప్రశ్నలడిగిన మనిషి మా జంగమకోటె చౌడమ్మ. తోటలో కట్టిన కొత్త ఇంటిని సెలవులకు వచ్చే బెంగళూరువాళ్లకు బాడుగకివ్వాలని 2008లో నా సైబర్ కేఫ్‌కు వచ్చింది. ఆ ఇంటి పక్కనే ఆమె పట్టుపురుగుల షెడ్డు.

బడి మానేసినా కంప్యూటర్లకే పాఠాలు చెప్పగల నేను, గొప్ప సైట్ చూపించాను. "నువ్వు నిద్రపోతాన్నా బుకింగులు పడిపోతాంటాయమ్మా!"

"పురుగులు గూళ్లు కట్టేటప్పుడు వచ్చినోళ్లు సెంటు కొట్టుకోని దిగితే ఆ వాసనకి పంటంతా పోతాది కదప్పా! ముందు నన్నడిగేది యాడుండాది?"

వచ్చేవాళ్లు యజమానికి ఫోన్ చేసి అడిగాకే బుకింగ్ అయ్యే చిన్న సైట్‌ను ఎంచుకుంది. మొదటి ఫోన్‌కే, "గూళ్లు దించినాక రాండప్పా" అంది. వాళ్లు ఆగి వచ్చారు. పిల్లలు మల్బరీ పళ్లు తిని, నల్లబడిన నాలుకలు చూపించుకుంటూ గంతులేశారు.

బెంగళూరంతా ఆమె అనుమతికి క్యూ కట్టిందని నేను చాటుతుంటే చౌడమ్మ అంది: "క్యూ యాడిదప్పా? ఒక్క ఇంటోళ్లే వచ్చినారు."