ఏటవాలు రాళ్లు

అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. సముద్రం మా ఊళ్లో రెండు వరసల ఇళ్లను కోసుకుపోయింది. ఇక ముందున్నది నా ఇల్లే. అలలకు అడ్డంగా ఉన్న గోడ కూలితే, దాన్ని మళ్లీ కట్టించమని ఊరంతా వేలిముద్రలు వేసిన అర్జీని హైదరాబాద్‌లో ప్రభుత్వ ఆఫీసులో ఇచ్చాను. రైలుకింకా చాలా పొద్దుంది. తెలిసినవాళ్లెవరూ లేక, చిక్కడపల్లిలో కడుతున్న ఒక మేడ నీడన కూర్చున్నాను.

అక్కడ పాలమూరు నుంచి వచ్చిన కూలీ ఒకామె జొన్నరొట్టె తింటూ నా సంగతి అడిగింది. చెప్పాను.

"నిలువుగ కట్టిన్రా? సముద్రంతోని కుస్తీ పడ్తరా అక్కా?" అని నవ్వింది. "మా చెరువు కట్టకు రాళ్లు ఏటవాలుగ పరుస్తం. అల ఎక్కి ఎక్కి అలిసిపోయి దిగుతది."

"నువ్వెప్పుడైనా సముద్రం చూశావా?"

"యాడ చూస్త?"

గబగబా ఆఫీసుకు వెళ్లి ఆ మాట చెప్పాను. "రాసి తీసుకురామ్మా" అన్నాడు గుమాస్తా. తిరిగొచ్చాను. ఆమెకూ రాయడం రాదు. పుస్తకాలు పట్టుకుని పోతున్నవాళ్లను "అన్నా, జర ఒక కాగితం రాసిస్తవా?" అని పిలిచింది. ఒక్కరూ ఆగలేదు.

రైలు వేళయింది. ఆమె మళ్లీ ఇసుక తట్ట ఎత్తుకుంది. అర్జీలో గోడే ఉండిపోయింది.