బలవంతంగా వచ్చినవాడు

మిలిటరీ నుంచి రిటైరై వచ్చాక తిరుపతిలో ఒక బ్యాంకు వాకిట్లో తుపాకీ పట్టుకుని నిలబడే ఉద్యోగం దొరికింది నాకు. తుపాకీ, మీసం, ఇస్త్రీ చొక్కా చూసి, లోపల కూర్చుని విసిగిపోయినవాళ్ళు నా దగ్గరికి వచ్చి మాట కలుపుతారు. ఆ మాట ఎక్కడ మొదలైనా చివరికి ఒకచోటికే చేరుతుంది. బైకుల మీద కేకలేస్తూ పోయే కుర్రాళ్ళనో, ఫోన్లోంచి తల ఎత్తని సొంత కొడుకునో తలుచుకుని, "అందర్నీ రెండేండ్లు మిలిటరీకి తోలాలప్పా. తప్పనిసరి చెయ్యాల. అప్పుడు గానీ దారికి రారు. ఏమంటావు?" అంటారు.

"అవును సార్" అంటాను. దాంతో వాళ్ళకి తృప్తి. ఈలోగా వాళ్ళ టోకెన్ పిలుస్తారు, వెళ్ళిపోతారు. నేను ఎన్నేళ్ళు చేశానో, ఎక్కడ చేశానో అడిగినవాళ్ళు లేరు. అడుగుతారని నేనూ ఎదురుచూడలేదు, మొదట్లో తప్ప.

కొర్లగుంటలో రెండు గదుల బాడుగ ఇల్లు మాది. మేమంటే నేనూ, నా కూతురూ. తన చిన్నప్పుడే వాళ్ళమ్మ జ్వరంతో పోయింది. నేనప్పుడు మంచు కొండల్లో ఉన్నాను. కబురు అంది, కొండ దిగి, రైళ్ళు మారి వచ్చేసరికి అన్నీ అయిపోయాయి. బిడ్డను కార్వేటినగరంలో వాళ్ళ అవ్వ పెంచింది. సెలవు దొరికినప్పుడల్లా వచ్చేవాణ్ణి. మొదటి వారం తలుపు చాటు నుంచి చూసేది. రెండో వారం దగ్గరికి వచ్చేది. చనువుగా నా భుజమెక్కడం మొదలుపెట్టేసరికి నేను పెట్టె సర్దుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు తను తిరుపతిలో డిగ్రీ చదువుతోంది కాబట్టి ఇద్దరం ఒకచోట చేరాం.

ఒకచోట ఉన్నామే గానీ మా మధ్య మాటలు చాలా తక్కువ. పాలు పొయ్యి మీద ఉండాయి. తాళం కిటికీలో పెట్టినా. గ్యాస్ అయిపోవచ్చింది. అంతే. పొద్దున్నే లేచి దుప్పటి అంచులు కలిపి గీత గీసినట్టు మడిచే నా అలవాటు చూసి మొదట్లో నవ్వేది. తర్వాత నవ్వడం మానేసింది. బ్యారక్‌లో అంతమంది గురకల మధ్య హాయిగా నిద్రపోయిన నాకు, ఈ ఇంట్లో చప్పుడు లేకపోవడం వల్ల మెలకువ వచ్చేది.

పోయిన వానాకాలంలో ఒక ఆదివారం సాయంత్రం తను కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. అలా కూర్చోవడమే నాకు కొత్త.

"నాయనా, కాలేజీలో డిబేట్ పెట్టినారు. వయసొచ్చినోళ్ళందరికీ మిలిటరీ తప్పనిసరి చెయ్యాలా వద్దా అని."

"నువ్వేమంటావు?"

"నేను వద్దనేదాన్నే. కానీ చీటీలు తీసినారు. నాకు చెయ్యాల అనే పక్షం వచ్చింది. నువ్వు పాయింట్లు చెప్పు, రాసుకుంటా."

క్రమశిక్షణ అన్నాను. ఆరోగ్యం అన్నాను. దేశం మీద ప్రేమ అన్నాను. తను పెన్ను కదపలేదు.

"ఇవన్నీ ఫోన్లోనే ఉండాయి నాయనా. నీకు జరిగింది చెప్పు."

నాకు జరిగింది చెప్పమని ఎవరైనా అడిగి చాలా కాలమైంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. చివరికి ట్రైనింగ్ సెంటర్లో భోజనాల దగ్గర మొదలుపెట్టాను. అక్కడ పక్కవాడి కులం ఏమిటో ఎవరూ అడగరు. అతని పళ్ళెంలో రొట్టె నేను తీసుకునేవాణ్ణి, నా పళ్ళెంలో పప్పులో అతను ముంచుకునేవాడు. మా ఊళ్ళో నేను గడప తొక్కని ఇళ్ళు ఉండేవి, మా గడప తొక్కనివాళ్ళూ ఉండేవారు. ఆ పట్టింపు అక్కడికి పోయిన కొత్తల్లోనే నాలోంచి పోయింది. "ఇది మంచి పాయింటు" అని తను రాసుకుంది. మళ్ళీ అడిగింది:

"బలవంతంగా వచ్చినోళ్ళు ఎవురైనా ఉన్నారా మీతో?"

"ఒకడుండె" అన్నాను.

మా బ్యాచ్‌లో అందరం పరుగులో నెగ్గి, ఛాతీ కొలతలిచ్చి, కావాలని చేరినవాళ్ళం. అతన్ని మాత్రం వాళ్ళ నాయన తోశాడు. పలమనేరు దగ్గర పల్లె. ఆ నాయన కూడా పాత సిపాయే. ఇతనికి ఆవులంటే ప్రాణం. ఇంట్లో ఉన్న జెర్సీ ఆవులకు ఇంకో రెండు కలుపుకుని పాల వ్యాపారం చేసుకుంటానని ఎంత మొత్తుకున్నా వాళ్ళ నాయన వినలేదట. బ్యారక్‌లో బిగిల్ మోగకముందే అతను మంచం మీద లేచి కూర్చునేవాడు. "ఇది పాలు పిండే యాళబ్బా" అనేవాడు నాతో. చీకట్లో వేళ్ళు ముడుస్తూ విప్పుతూ ఉండేవాడు.

మా ఇద్దరికీ హిందీ రాదు. మాకు కవాతు నేర్పే ఉస్తాద్ తిట్లు సగం అర్థం కాకపోవడం అప్పట్లో మాకొక ఊరట. ఒకరోజు అతను ఎవరికీ చెప్పకుండా గేటు దాటి రైల్వేస్టేషన్‌కి పోయాడు. మన వైపు వచ్చే బండి ఏదని అడగడానికి భాష చాల్లేదు. బెంచీ మీద కూర్చుని ఉండగా పట్టుకొచ్చారు. వీపున బరువు కట్టి గ్రౌండు చుట్టూ పరుగెత్తించారు. ఆ సాయంత్రం నేను అతని పాదాలకి నూనె రాస్తుంటే, "ఇంటికి పోయినా మా నాయన మళ్ళా తెచ్చి ఈడ్నే దించుతాడు. ఇంక పోనులే" అన్నాడు. అతను ఏడవలేదు. నేనే ఏడ్చాను.

తర్వాత అతన్ని కంచరగాడిదల దళంలో వేశారు. రోడ్డు లేని కొండ పోస్టులకి తిండీ, కిరసనాయిలూ, మందుగుండూ మోసేవి అవే. ఎన్నో ఏళ్ళకి ఒక కొండ మీద మా పోస్టుకి సరుకు వస్తే, ముందు గాడిద పక్కన నడుస్తున్నవాడు అతనే. నన్ను గుర్తుపట్టాడు. కానీ వెంటనే నా దగ్గరికి రాలేదు. గాడిద మీది బరువు దించి, దాని డెక్కల్లో గట్టిపడిన మంచు గీకి తీసి, మెడ మీద తట్టి, అప్పుడొచ్చి కావలించుకున్నాడు. ఆ గాడిదతో అతను తెలుగులోనే మాట్లాడేవాడు. "దీనికి మన బాస వచ్చునబ్బా. వేరేవోళ్ళు పిలిస్తే పలకదు" అన్నాడు. అంత నవ్వు ముఖం అతనికి ఉంటుందని నాకు అంతవరకూ తెలియదు.

మా ఇద్దరి సర్వీసూ దాదాపు ఒకేసారి ముగిసింది. ఇంటికొస్తూ ఢిల్లీ స్టేషన్లో కలిశాం. నేను బిడ్డ దగ్గరికి పోతున్నానన్న సంతోషంలో ఉన్నాను. అతను టీ గ్లాసు పట్టుకుని తాగకుండా కూర్చున్నాడు. వాళ్ళ నాయన ఎప్పుడో పోయాడు. అన్న ఆవుల్ని అమ్మేశాడు. పెళ్ళి మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు, ఇతనూ ఎత్తలేదు. "రమ్మన్నప్పుడు నా ఇష్టం ఎవురూ అడగల్యా. పొమ్మన్నప్పుడూ అడగల్యా" అన్నాడు.

ఇదంతా చెప్పేసరికి గదిలో చీకటి పడింది. ఇద్దరం లైటు వేయడం మరిచిపోయాం.

"ఇప్పుడు యాడుండాడు నాయనా?"

"తెలీదుమ్మా. కొన్నాళ్ళు ఫోన్లు చేసుకున్న్యాము. తర్వాత ఆ నంబరు పని చెయ్యల్యా."

డిబేట్ రోజు బ్యాంకులో పర్మిషన్ అడిగి కాలేజీకి వెళ్ళాను. వెనక వరుసలో కూర్చున్నాను. అమ్మాయి ఆ కథను నాకంటే బాగా చెప్పింది. గాడిదకి తెలుగొచ్చన్న చోట హాలంతా నవ్వింది. "ఇష్టం లేకుండా పంపినా మనిషి అక్కడ తనకు కావలసింది వెతుక్కుంటాడు. ఎప్పుడూ చూడని మనుషులతో కలిసి తింటాడు. అందుకే తప్పనిసరి చేయవచ్చు" అంది. చప్పట్లు కొట్టారు. అక్కడితో దిగిపోయి ఉంటే ఏదో ఒక బహుమతి వచ్చేదేమో. తను చేతిలో కాగితం మడిచి ఇంకా మాట్లాడింది.

"కానీ ఆయన తిరిగొచ్చాక మాట్లాడేవాళ్ళు లేరు. పంపడానికి చట్టం చేయవచ్చు. వచ్చినవాళ్ళ పక్కన కూర్చోమని చట్టం చేస్తారా? మా నాయన ఇంటికొచ్చి రెండేళ్ళు దాటింది. ఆయన ఏ కొండ మీద పనిచేశాడో మొన్నటిదాకా నేనే అడగలేదు."

గంట కొట్టారు. నిర్ణేతల్లో ఒకాయన మైకు దగ్గరికి జరిగి, చీటీలో వచ్చిన పక్షం విడిచిపెట్టకూడదమ్మా అన్నాడు. ఆ మాట న్యాయమే. నేను మాత్రం తల వంచుకుని మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఉండిపోయాను. నా గురించి అంతమంది ముందు ఎవరైనా మాట్లాడటం అదే మొదటిసారి. సంతోషమనిపించలేదు. ఇంట్లో నేను ఎంత ఒంటరిగా ఉన్నానో తనకి తెలుసన్నమాట, తను కూడా అంతే ఒంటరిగా ఉందన్నమాట, అనిపించింది.

బయటికొచ్చాక, "నువ్వు వచ్చినావని తెలిసుంటే చెప్పేదాన్ని కాదు నాయనా" అంది.

"బాగానే చెప్పినావులే."

"పలమనేరు పోదామా? ఆయన్ని సూసొద్దాం."

మరుసటి ఆదివారం చిత్తూరు మీదుగా పోయే బస్సెక్కాం. దారిలో ఆ డిబేట్ విషయమే నా మనసులో తిరుగుతూ ఉంది. తప్పనిసరి చెయ్యాలా వద్దా అనేది నాకిప్పటికీ తేలదు. ఇష్టపడి వచ్చిన నేను బిడ్డ చిన్నతనం చూడలేదు. బలవంతంగా వచ్చిన అతను కొండ మీద నవ్వాడు. ఎవరైనా గట్టిగా ఒకటే మాట చెబుతుంటే, వీళ్ళకి ఇంత సులభంగా ఎలా తెలిసిందా అనుకుంటాను.

పల్లెలో ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. ఒకప్పుడు ఆవుల్ని కట్టేసిన పాకలో ఇప్పుడు రెండు బైకులు నిలబెట్టి ఉన్నాయి. అతని వదిన బయటికొచ్చింది. నేనెవరో చెప్పాక మంచం వాల్చి, మజ్జిగ తెచ్చిచ్చింది.

"మా మరిది ఈడ లేడన్నా. పోయిన ఎండాకాలమే ఎల్లిపోయినాడు. ఉత్తరాన మంచు కొండల్లో ఏదో గుడి ఉండాదంట. ఆడికి పోయే జనాన్ని కంచరగాడిదల మీద ఎక్కించి తీసకపోతా ఉండాడు."

"ఈడ ఏమన్నా ఇబ్బందా?" అన్నాను.

"ఇబ్బందేముండాది? పొద్దన్నే లేసి వాకిట్లో కూర్చునేవాడు. పెడితే తినేవాడు. మేమేం మాట్లాడేది సెప్పు? ఈడి సంగతులు ఆయనకి తెలీవు, ఆడి సంగతులు మాకు తెలీవు."

ఆమె మాటలో కోపం లేదు, బాధ కూడా లేదు. ఉన్న సంగతి చెప్పింది. కొత్త నంబరిచ్చింది. మా అమ్మాయి తన ఫోన్లో కలిపి నా చేతికిచ్చింది.

అటునుంచి హిందీలో "ఎవరు, చెప్పండి" అన్నాడు. గాలి హోరు, గాడిదల మెడల్లో గంటలు వినిపిస్తున్నాయి. నేను తెలుగులో పలకరించాను.

"నువ్వా అబ్బా" అన్నాడు. మాట తడబడింది. తెలుగు మాట్లాడి ఎన్నాళ్ళయిందో.

"ఎట్లుండావు?"

"బాగుండా. నాలుగు గాడిదలుండాయి నాకు. సలి జాస్తి ఈడ. నువ్వు?"

"బ్యాంకు కాడ నిలబడతా ఉండా. ఊరికి రావా?"

"ఎవురి కోసం?" అన్నాడు, నిజంగానే అడుగుతున్నట్టు. "నువ్వే రా. ఇంకో మనిషి కావాల నాకు. దావంతా మాట్లాడుకుంటా నడస్తాం" అన్నాడు. ఈలోగా అక్కడెవరో పిలిచారు. ఉంటానన్నాడు.

తిరుగు బస్సెక్కాం. చిత్తూరు దగ్గరపడుతుంటే అమ్మాయి అడిగింది.

"నువ్వు కూడా పోతావా నాయనా?"

"యాడికి?"

"ఆ కొండకి."

"ఎందుకు పోతాను? నువ్వు ఈడుండావు కదా."

"నా సదువైపోయి నేను బెంగుళూరు పోతే?"

బస్టాండులో బస్సు ఆగింది. ఉడికించిన శనక్కాయలమ్మే ఆమె కిటికీ కిందికి వచ్చింది. ఒక పొట్లం కొని అమ్మాయి చేతిలో పెట్టాను. తను విప్పలేదు. నా వైపే చూస్తూ కూర్చుంది. బస్సు కదిలింది.

"అప్పుడు సూస్తాంలే" అన్నాను.

ఆ జవాబు నాకే నచ్చలేదు. తను కిటికీ వైపు తిరిగింది. తిరుపతి ఇంకా చాలా దూరం ఉంది. ఇంకేదైనా చెప్పాలని మాట కోసం వెతుక్కుంటూ కూర్చున్నాను.