బొమ్మకని అల్లిన స్వెట్టర్

దెయ్యం కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ ఒళ్లుమంట. ఆఫీసులో ఎవరైనా మొదలుపెడితే టీ గ్లాసు పట్టుకుని అక్కణ్నుంచి లేచిపోయేదాన్ని. ఇప్పుడు నేనే ఒకటి చెబుతున్నాను. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, నాకేం పోదు.

మాది విజయనగరం. రెండేళ్ల కిందట చలికాలంలో నేను, మా ఆయన, మా పాప చిన్ని, మా అత్తగారు కలిసి అరకు వెళ్లాం. నేను ఎక్కడికి వెళ్లినా అల్లిక సంచీ వెంట ఉండాల్సిందే. పెళ్లిలోనైనా, డాక్టరు గది బయటైనా ఊరికే కూర్చోవడం నావల్ల కాదు. అందరూ కొండలు చూడ్డానికి వస్తే నువ్వు సూదులు చూడ్డానికి వస్తావని మా ఆయన దెప్పుతూనే ఉంటాడు.

ఆసారి సంచీలో ఉన్నది పసుపుపచ్చ ఊలుతో అల్లుతున్న పసిబిడ్డ స్వెట్టర్. మా చెల్లెలు పద్మకి అప్పుడు ఏడో నెల. మొదటిసారి కడుపు నిలవలేదు. ఈసారైనా బిడ్డ దక్కాలని ఇంటిల్లిపాదీ మొక్కుకుంటున్నారు. బిడ్డ పుట్టకముందే బట్టలు సిద్ధం చేయకూడదని, చేస్తే దేని కన్నో పడుతుందని మావైపు గట్టి పట్టింపు. పుట్టాక కూడా మొదట తొడిగేది ఎవరో పిల్లలు వాడి విడిచిన పాత చొక్కానే. నాకు ఇలాంటివి గిట్టవు. పుట్టాక మొదలుపెడితే అది ఎండాకాలానికి తయారవుతుంది. అప్పుడు దాన్నేం చేసుకోవాలి?

రైలు బొర్రా దగ్గర సొరంగాల్లో దూరుతుండగా మా అత్తగారి కన్ను దానిమీద పడింది.

"ఏటే అది? ఎవరికి?" అంది.

"చిన్ని బొమ్మకి," అన్నాను.

ఆవిడ నమ్మలేదు. "కడుపులో ఉన్న బిడ్డకి ముందే బట్టలు సేత్తారేటే ఎవరైనా? నీ సెల్లిమీద నీకంత కచ్చేటి?" అంది.

ఆ మాటకి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ రోజంతా ఆవిడతో మాట్లాడలేదు.

మేం దిగింది కాఫీ తోట పక్కన అద్దెకిచ్చే చిన్న ఇల్లు. ఒకటే పెద్ద గది, ఒకటే తలుపు, ఊచల కిటికీ, ముందు వరండా. నాకు ఆ గది అడుగు పెట్టగానే పడలేదు. చలి గురించి కాదు, చలి బయటా ఉంది. పిలవని పేరంటానికి వెళ్లినట్టు అనిపించింది. చిన్ని కూడా లోపల ఆడుకోనంది.

స్వెట్టర్ ముందు ముక్క, వెనక ముక్క కుట్టేసి ఉన్నాయి. మర్నాడు పొద్దున్న మెడ పట్టీ కూడా పూర్తి చేసి, మంచంమీద పెట్టి, గది తాళం వేసి గుహలు చూడ్డానికి వెళ్లాం. తిరిగొచ్చేసరికి మెడ పట్టీ లేదు. మిగతా స్వెట్టర్ అలాగే ఉంది. విప్పిన ఊలు మాత్రం నా సూదులకి బిగించి చుట్టి ఉంది. గోళ్లు విరిగేలా లాగితేగానీ ఊడలేదు.

అత్తగారి పనే అనుకోవడానికి లేదు, ఆవిడ రోజంతా మా పక్కనే ఉంది. ఇల్లు చూసుకునే ఆవిడమీద విరుచుకుపడ్డాను. ఆవిడేం తగ్గలేదు.

"తాళం మీ కాడే ఉంది గదా అమ్మా. మీ సామాను నానెందుకు ముడతాను? ఇట్టాగే మాటలంటే మీ వంట మీరే సేసుకోండి," అని గిన్నె నేలమీద పెట్టేసి పోయింది.

నాకు పట్టుదల పెరిగింది. ఆ తర్వాతి రోజు మంచు విడిచేలోపే మెడ పట్టీ మళ్లీ అల్లాను. అల్లుతున్నంతసేపూ ఎవరో మెడమీద ఊపిరి వదులుతున్నట్టుంది. తిరిగి చూడలేదు. చూస్తే ఓడిపోయినట్టని పంతం. పని పూర్తయ్యాక మంచంమీద పెట్టి, అందరితో పాటు వరండాలో ఉప్మా తినడానికి కూర్చున్నాను. గది తలుపు మా ఎదురుగానే ఉంది. ఎవరూ లోపలికి వెళ్లలేదు. ఇది మా ఆయన కూడా ఒప్పుకుంటాడు.

చెయ్యి కడుక్కుని లోపలికెళ్లి చూస్తే స్వెట్టర్ మెడ మూసుకుపోయి ఉంది.

కుట్టి మూసింది కాదు, అల్లి మూసింది. నేను ఆపిన దగ్గర్నుంచి వరస మీద వరస లోపలికి తగ్గుతూ, నడిమధ్యలో ముడి పడింది. నా అల్లిక వదులు, అది నా చేతివాటం. ఇది ఎంత బిగువంటే సూది మొన కూడా దూరలేదు. ముట్టుకుంటే తడిగా ఉంది. బిడ్డ తల పట్టాల్సిన చోటది. పద్మ గుర్తొచ్చింది. నా జీవితంలో అంత భయపడింది అప్పుడే.

వెనకాలే అత్తగారు చిన్నిని వెంటేసుకుని వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. స్వెట్టర్ లాక్కుని తిప్పి చూసింది. చిన్ని చేతిలోని రబ్బరు బొమ్మని అందుకుని దాని తల పీకేసింది. మిగిలిన మొండేన్ని ఆ స్వెట్టర్లోకి తోసింది. పసిబిడ్డకని అల్లింది ఆ బొమ్మకి కొలిచి కుట్టినట్టు సరిపోయింది. చిన్ని గుక్కపట్టి ఏడుస్తోంది.

ఆవిడ నాకేసి చూడలేదు. ఖాళీ గోడకేసి చూసి అరిచింది.

"ఇది బొమ్మకే! మా ఇంట కడుపుతో ఎవులూ లేరు! బొమ్మకే అల్లింది మా కోడలు గుంట!"

రైల్లో నేను ఆడిన అబద్ధాన్ని నమ్మని మనిషి అదే అబద్ధాన్ని అంత గొంతేసుకుని చెప్పింది. తలనీ మొండేన్నీ మంచంమీద వదిలేసి, ఆ గంటలోనే బేగి బేగి అంటూ మా అందరినీ జీపు ఎక్కించింది.

ఘాట్ దిగుతుంటే ఫోన్ పనిచేయడం మొదలైంది. మా అమ్మ చాలాసార్లు చేసింది. పొద్దుట్నుంచీ పద్మ కడుపులో కదలిక లేదని ఆసుపత్రికి తీసుకెళ్లారట. స్కానింగ్ కోసం కూర్చుని ఉండగా బిడ్డ ఉన్నట్టుండి తన్నిందట. నిద్రపోయి ఉంటుంది, ఇలా జరుగుతూనే ఉంటుందని డాక్టరమ్మ అందట. అయ్యుండొచ్చు. నేను కాదనను.

కొన్నాళ్లకి ఇంటి ఓనరు మా ఆయనకి ఫోన్ చేశాడు. మీ పాప బొమ్మ తల మంచం కింద ఉంది, పంపమంటారా అని అడిగాడు. మొండెం, స్వెట్టర్ దొరకలేదట. ఇల్లు చూసుకునే ఆవిడ తీసిందేమో. కానీ తల లేని బొమ్మ, మెడ లేని స్వెట్టర్ ఎవరికి కావాలి? పంపొద్దన్నాం.

పద్మకి మగపిల్లాడు పుట్టాడు. ఇప్పుడు ఇల్లు పీకి పందిరేస్తున్నాడు. జరిగింది పద్మకి ఈనాటికీ చెప్పలేదు.

నేను అల్లిక మానలేదు. చలికాలం వస్తే వాడికి స్వెట్టర్ మొదలుపెడతాను. మా అత్తగారికీ నాకూ ఇప్పటికీ ఏ విషయంలోనూ పొసగదు. కానీ నేను సూదులు తీయగానే ఆవిడ ఏ గదిలో ఉన్నా ఇల్లంతా వినిపించేలా, "ఏటే, ఎవరికి?" అని అడుగుతుంది.

"బొమ్మకి," అని నేను అంతకన్నా గట్టిగా చెబుతాను.

ఇంట్లో అప్పుడు మేమిద్దరమే ఉంటాం. మరి ఎవరు వినాలని అంత గట్టిగా అరుస్తామో నేను ఆవిణ్ని అడగలేదు, ఆవిడా చెప్పలేదు.